పాలగ్లాసులో పన్ను

తలుపు తీసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, అమ్మ మళ్లీ గడియ పెట్టేసింది.

"ఎవరే?" అన్నాడు నాన్న. బస్సు డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఒక కాలి సాక్సు విప్పాడు, రెండోది ఇంకా కాలికే ఉంది.

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే బెల్లెవరు కొట్టారు?"

"గాలి."

గాలి మళ్లీ బెల్లు కొట్టింది. ఈసారి కాస్త భయపడుతూ కొట్టినట్టుంది, సగం మోగి ఆగిపోయింది.

నాన్న లేచి కిటికీ తెర పక్కకు జరిపి చూశాడు. మెట్టు మీద ఒక పొడుగాటి అమ్మాయి. భుజాన సంచి, చేతిలో పండ్ల కవరు. తలుపు తీస్తే ద్వారం తలకు తగులుతుందేమోనని ముందే కాస్త వంగి నిలబడింది.

"ఆ పిల్లేనా?"

"ఆ పిల్లే. మ్యాచ్ ఫోటోలో చూశాంగా. మన పిల్ల పన్ను రాలగొట్టిన మహాతల్లి. మిగతావి ఉన్నాయో లేదో లెక్క చూసుకోవడానికి వచ్చినట్టుంది" అంది అమ్మ, గడియ మీద చెయ్యి తియ్యకుండా.

ఆ ఇంట్లో రెండు వారాలుగా పన్ను మాట తప్ప ఇంకో మాట లేదు. కాలేజీ హాకీ మ్యాచ్‌లో అవతలి జట్టు అమ్మాయి కర్ర ఎగిరి తగిలి, చిన్నమ్మాయి ముందుపన్ను వేరుతో సహా ఊడి గడ్డిలో పడింది. ఈ చిన్నమ్మాయిని ఇంట్లో, వీధిలో, చివరికి కాలేజీలో కూడా పిడుగు అనే పిలుస్తారు. పళ్ల డాక్టరమ్మ ఆ పన్నును తిరిగి చోట్లో నిలబెట్టి, పక్క పళ్లతో కలిపి సన్నటి తీగ కట్టింది. అప్పటినుంచి జావ, మెత్తటి అన్నం, మూసుకున్న నోరు. నోట్లో నువ్వు గింజ నానని పిల్ల నోరు మూసుకునేసరికి, ఇల్లంతా ఎవరో టీవీ కట్టేసినట్టు అయిపోయింది.

తీగ ఇవాళ పొద్దునే తీశారు.

పన్ను ఊడిన రోజునే అమ్మ హాకీ కర్రను బీరువా మీదికి ఎక్కించి తీర్పు చెప్పేసింది. ఆటా లేదు, పాటా లేదు. అది అవతలి అమ్మాయి మీద కోపంతో చెప్పిన తీర్పు మాత్రమే కాదు. పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేసే పెద్దమ్మాయి, చెల్లెలి నోటికి అచ్చు తీసి, సరిగ్గా సరిపోయేలా ఒక గార్డు చేసి ఇచ్చింది. పళ్లకు తొడుక్కునే మెత్తటి తొడుగు అది. దెబ్బ తగిలితే ముందు అది కాచుకుంటుంది. ఆ రోజు పిడుగు దాన్ని పెట్టుకోలేదు. "నోట్లో పెట్టుకోమని ఇచ్చింది డబ్బాలో దాచుకోవడానికా?" అని అమ్మ ఈ రెండు వారాల్లో ఎన్నిసార్లు అందో అమ్మకే తెలియదు. జావ కలుపుతూ అంది, జడ వేస్తూ అంది, నిద్రపోతున్న పిల్ల దుప్పటి సర్దుతూ కూడా అంది.

"తలుపు తియ్యమ్మా" అంది లోపలి గదిలోంచి వచ్చిన పెద్దమ్మాయి. "ఇంటికొచ్చిన మనిషిని ఎండలో నిలబెడతావా?"

"కర్రతో కొట్టి కవరుతో పండ్లు తెస్తే సరిపోతుందా?"

"డాక్టరమ్మ పొద్దున ఏమంది? గుర్తుందా?"

గుర్తు లేకేం! డాక్టరమ్మ వేలికొసతో పన్నును అటూ ఇటూ తట్టి చూసి, ఎక్సరే వెలుగులో పెట్టి చూసి, "కుదురుకుంది" అన్నప్పుడు అమ్మకు కళ్లు తిరిగినంత పనైంది. నరం ఎలాగూ బతకదట, అందుకని లోపలి వైద్యం అప్పటికే మొదలుపెట్టారు. అది పూర్తి చెయ్యాలి. ఏడాది పాటు పిలిచినప్పుడల్లా వెళ్లి చూపించుకోవాలి. అప్పుడే పండగ చేసుకోవద్దు గానీ భయపడొద్దు అంది. చివర్న ఇంకో మాట కూడా అంది. "ఆ రోజు ఈ పన్ను తీసిన మనిషెవరో గానీ, ఆ చేతులకు దండం పెట్టాలమ్మా. వేరు ముట్టుకోలేదు, తుడవలేదు, ఎండనివ్వలేదు. పాలల్లో వేసి వెంటనే పంపించారు. లేకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు."

"గుర్తుంది. ఆ పిల్లెవరో మన జట్టులో పిల్లట కదా. ఆ పిల్లొస్తే తలుపేం ఖర్మ, గుమ్మం కూడా పీకి పక్కన పెడతా. ఇది వేరు."

"వేరు కాదమ్మా" అంది పిడుగు.

అందరూ తిరిగి చూశారు. తీగ పోయాక ఆ నోట్లోంచి వచ్చిన మొదటి నిండు మాట అది. పిడుగు గోడకు ఆనుకుని, పైపెదవిని నాలుకతో లోపల్నుంచి తడుముకుంటూ నిలబడింది.

"కొట్టిందీ అదే. గడ్డిలో పాకి పన్ను వెతికిందీ అదే. క్యాంటీన్‌కి పరుగెత్తి పాలు తెచ్చిందీ అదే. ఆటోలో నా పక్కన గ్లాసు పట్టుకుని కూర్చున్నదీ అదే."

"మరి మీ జట్టు పిల్లన్నావు?"

"నేననలేదు. నువ్వే అనుకున్నావు. నోటి నిండా తీగ పెట్టుకుని నీతో వాదించడం నావల్ల కాలేదు."

అమ్మ గతుక్కుమంది. కోపం దిగడానికి మెట్లుండవు కదా, ఎక్కినంత సులువుగా దిగదు. గడియ తీసింది గానీ తలుపు పూర్తిగా తెరవడానికి ఇంకాస్త సమయం తీసుకుంది. ఈలోగా పొడుగమ్మాయి పండ్ల కవరును మెట్టు మీద పెట్టేసి వెనక్కి తిరిగి వెళ్లిపోతోంది.

"ఏయ్, అమ్మాయ్! ఆగు. ఎక్కడికెళ్తున్నావ్? ఎండలో వచ్చినదానివి మంచినీళ్లైనా తాగకుండా వెళ్తావా? మా ఇంట్లో మనుషులు లేరనుకున్నావా?" అంది అమ్మ, తలుపు వేసింది వేరెవరో అన్నంత ధాటిగా.

పొడుగమ్మాయి లోపలికొచ్చి, సోఫా అంచున కూర్చుంది. మోకాళ్లు దాదాపు గడ్డం దాకా వచ్చాయి. "ఆంటీ, నేను కావాలని..." అని మొదలుపెట్టి, తన అరచేతుల వైపు చూసుకుంటూ ఆగింది.

అమ్మ వెళ్లి ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తిప్పి చూసింది. అరచేతుల్లో కర్ర పట్టుకుని పట్టుకుని కాయలు కాశాయి, గోళ్లు పొట్టిగా ఉన్నాయి. అమ్మ ఆస్పత్రిలో ఆపరేషన్ పనిముట్లు శుభ్రం చేసే విభాగంలో పనిచేస్తుంది. ఆవిడ చేతుల మీదుగా ఆవిరిలో ఉడకనిదే అక్కడ ఒక్క కత్తెర కూడా రోగి దరికి చేరదు. అలాంటి మనిషి, ఉట్టి చేతులను అంతసేపు అంత ప్రేమగా చూడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఈ చేతులకు దండం పెట్టమంది మా డాక్టరమ్మ. నేను తలుపేశాను. నన్నేమనుకున్నావో ఏమో."

"మా అమ్మైతే తలుపెయ్యదాంటీ, చీపురు తీసుకుంటుంది" అంది పొడుగమ్మాయి. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు, రెండూ ఒకేసారి వచ్చాయి.

టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. పిడుగు బిస్కెట్‌ను టీలో ముంచి, పక్కపళ్లతో జాగ్రత్తగా నమిలింది. నాన్నకు రెండో సాక్సు విప్పాలన్న సంగతే గుర్తులేదు.

"అసలు నీకెలా తెలుసమ్మా ఇదంతా?" అని అడిగాడు.

"మా కోచ్ ప్రతి ఏడాదీ ఆటలు మొదలయ్యేటప్పుడు ఇదే పాఠం చెబుతారంకుల్. పన్ను ఊడితే తెల్లగా ఉన్న వైపే పట్టుకోండి, వేరు జోలికి పోకండి, రుద్దకండి. మట్టి ఉంటే పాలతోనో నీళ్లతోనో ఒక్కసారి అలా పోసి కడగండి. కుదిరితే అక్కడికక్కడే చోట్లో పెట్టెయ్యండి, లేదంటే పాలల్లో వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి అని. మేం వెనకాల కూర్చుని నవ్వుకునేవాళ్లం. నేను చోట్లో పెట్టబోయాను గానీ ఇది నోరు తెరవలేదు, నా వేలు కొరికింది."

"అంత నొప్పిలో నువ్వొచ్చి నోట్లో చెయ్యి పెడితే కొరక్క ముద్దు పెట్టుకుంటానా?" అంది పిడుగు.

అమ్మ నవ్వింది. నిండుగా, చాలా రోజుల తర్వాత. "వేరు రుద్దకూడదని నాకైతే తట్టేదే కాదు తల్లీ. అదే నేనక్కడ ఉండుంటే..."

"నువ్వుంటే ఉడకబెట్టేదానివి" అన్నాడు నాన్న. "మా ఇంట్లో స్పూన్లు, తువ్వాళ్లు, కత్తెరలు, అన్నీ ఉడకాల్సిందేనమ్మా. ఒకసారి నా దువ్వెన ఉడకబెట్టింది. పళ్లన్నీ ముడుచుకుపోయి తాబేలులా తయారైంది."

పొడుగమ్మాయి టీ కప్పు కింద పెట్టి పగలబడి నవ్వింది. "అవునంకుల్, ఆ రోజు ఇది కూడా అదే అంది! అందరికీ ఒకటే డ్రెస్సింగ్ రూమ్ కదా, నా పక్కనే గార్డు పెట్టుకోబోయింది. ఎంత నొక్కినా నోట్లో పట్టట్లేదు. ఇలా వంకర తిరిగిందేంటే అంటే, మా అమ్మ దీన్ని కూర వండేసింది అని..."

నవ్వుతున్నది తనొక్కతేనని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది.

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు వినిపించింది. పిడుగు తల దించుకుని, కప్పులో విరిగిపడ్డ బిస్కెట్ ముక్కను చెంచాతో వెతుకుతోంది.

పెద్దమ్మాయి లేచి లోపలికి వెళ్లి, గార్డు డబ్బాతో వచ్చింది. మూత తీసి, తొడుగును వెలుగులోకి ఎత్తి, బొటనవేలితో లోపలి అంచు తడిమింది. ఒక్కో పన్ను కూర్చోవాల్సిన గుంట ఆమెకు కంఠతా వచ్చు. ఆ గుంటలు పూడుకుపోయి, అంచు లోపలికి ముడుచుకుపోయి ఉంది. ఈ రెండు వారాల్లో ఎవరికీ ఆ డబ్బా మూత తియ్యాలనిపించలేదు. తిట్టడానికి డబ్బా చాలింది, లోపల ఏముందో చూడాల్సిన అవసరం రాలేదు.

"అమ్మా, వేడినీళ్లు తగలనివ్వొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"చల్లనీళ్లతో కడిగి ఆరబెడితే చాలని చెప్పానా లేదా?"

"చెప్పావే. నీళ్లు మరగకుండా శుభ్రమేంటి అనుకున్నాను. ఉమ్మి తగిలే వస్తువు కదా, పిల్లకు ఏమైనా అంటుకుంటుందేమోనని స్పూన్లతో పాటు వేశాను. తీశాక కూడా నా కంటికి అలాగే ఉంది. తుడిచి డబ్బాలో పెట్టేశాను."

"మరి ఇన్నాళ్లూ దాన్ని..." పెద్దమ్మాయి మాట మింగేసి, చెల్లెలి వైపు తిరిగింది. "నీకేం రోగమే? ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా! అది బద్ధకం, అది పొగరు, నా చేతి పనంటే దానికి లెక్కలేదు అని ల్యాబులో అందరి దగ్గరా చెప్పుకుని ఏడ్చాను నేను."

పిడుగు ఖాళీ కప్పులు ఒకచోట పేర్చడం మొదలుపెట్టింది.

పొడుగమ్మాయి లేచి నిలబడింది. "ఆంటీ, నేనేదో వాగేశాను. వెళ్తాను."

అమ్మ ఆ పిల్లతో పాటు వీధి దాకా నడిచింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఆ సామెతను అమ్మ ఇన్నేళ్లూ ఆస్పత్రిలో పక్క బల్లవాళ్ల మీద వాడుతూ వచ్చింది. చివరికి, "నువ్వు ఇవాళ నాకు రెండు మంచి పనులు చేశావు" అంది. "మొదటిది ఆ రోజుదే అనుకో. రెండోదానికి దండం పెట్టడానికి ఇప్పుడు నా ముఖం చెల్లట్లేదు. మళ్లీ రా. వస్తే మాత్రం చేతులూపుకుంటూ రా, పండ్లు గిండ్లు తేకు."

"ఆంటీ, దాన్ని ఆడనివ్వండి. అది ఎదురుగా లేకపోతే మేం గెలిచినా గెలిచినట్టుండదు" అంది పొడుగమ్మాయి. మలుపు తిరిగేదాకా అమ్మ చూస్తూనే నిలబడింది. ఎవరి కన్నపిల్లో, తన పిల్ల పన్నును పాలగ్లాసులో పెట్టుకుని, కుదుపులకు ఒలక్కుండా పట్టుకుని కూర్చుంది. ఆ తల్లి ఎవరో గానీ చల్లగా ఉండాలనుకుంది.

తిరిగొచ్చేసరికి పిడుగు వంటింట్లో కప్పులు కడుగుతోంది. అమ్మ వెనక నుంచి వచ్చి కుళాయి కట్టేసింది.

"ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఏమొస్తుంది? తగిలిన దెబ్బ వెనక్కిపోతుందా?"

"రెండు వారాలు. పొద్దున లేస్తే నేను, సాయంత్రమైతే అక్క. పడ్డావు కదా అన్నీ!"

"నాకు తిట్లు అలవాటే. నీకు అలవాటు లేదు" అంది పిడుగు, తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ. "నీ పని మీద నీకెంత గర్వమో నాకు తెలీదా? నేను శుభ్రం చేశాక ఇంక ఎవరూ వేలెత్తి చూపలేరంటావు. అలాంటిది, నీ చేత్తోనే నా పన్ను ఊడిందని నీకెలా చెప్పను? ఆస్పత్రిలో కత్తెర పట్టుకున్నప్పుడల్లా నీకు అదే గుర్తొస్తుంది."

అమ్మ అక్కడే స్టూలు మీద కూలబడి, పిల్ల నడుం చుట్టూ చేతులు వేసి, కడుపులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. తప్పు చేశానన్న ఏడుపు సగం. ఇంత మనసున్న పిల్ల తన కడుపున పుట్టిందన్న ఏడుపు మిగతా సగం. పుట్టినప్పుడు మూడో ఇంటికి వినిపించేలా ఏడ్చిందని పిడుగని పేరు పెట్టారు. ఆ పిడుగు లోపల ఇంత చల్లటి మేఘం ఉందని ఎవరికి తెలుసు?

"లే అమ్మా. నాన్న చూస్తే నాకేదో అయిందనుకుంటాడు."

అమ్మ లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. గదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని ఎక్కి, బీరువా మీది నుంచి హాకీ కర్ర దించింది. దుమ్ము తుడిచింది. ఉట్టి పొడిగుడ్డతోనే తుడిచింది. పెద్దమ్మాయి చూసి కూడా చూడనట్టు కళ్లు తిప్పుకుంది గానీ, ముఖంలో కోపం మెత్తబడింది.

"పళ్లన్నీ గట్టిగా ఉన్నాయని డాక్టరమ్మ చెప్పాక కొత్త అచ్చు తీస్తాను. ఈసారి ఇంకాస్త మందంగా చేస్తా" అంది. "కానీ కడగడం మాత్రం నాకు వదిలెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"ఇకనుంచి దాని జోలికి పోతే నన్ను ఆవిరి డబ్బాలో వేసి మూత పెట్టండి" అంది అమ్మ.

నాన్న వసారాలోంచే, "నేను సెలవు పెట్టి మరీ మ్యాచ్‌కొస్తా" అన్నాడు. ఆయన సెలవు పెట్టిన సందర్భాలు ఆ ఇంటి చరిత్రలో బహు తక్కువ.

అమ్మ కర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "తీసుకో. డాక్టరమ్మ ఎప్పుడంటే అప్పుడే మైదానంలోకి వెళ్లు. నేను కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తప్పు నాది, శిక్ష నీకు వెయ్యడమేంటి?"

పిడుగు చెయ్యి చాచలేదు.

"తీసుకోవే. ఇంకా కోపమా?"

"కోపం కాదమ్మా." పిడుగు గొంతు బాగా తగ్గిపోయింది. వసారా దాకా వినపడకూడదన్నట్టు ఒక అడుగు దగ్గరికి జరిగింది. "నేనాడను."

"అదేంటే?"

"కళ్లు మూసుకుంటే కర్ర ముఖం మీదికి వస్తున్నట్టే ఉంటోంది. మొన్న కాలేజీ పక్కన ఎవరో చిన్నపిల్లలు బంతి విసిరితే, నేను రెండు చేతులతో నోరు మూసుకుని గోడ వైపు తిరిగిపోయాను. నేను! అందరూ నవ్వారు. నువ్వు కర్ర బీరువా మీద పెట్టిన రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా? అడిగినవాళ్లందరికీ మా అమ్మ వద్దంది అని చెప్పాను. నీకు మనసులో ఎన్నిసార్లు థాంక్స్ చెప్పుకున్నానో."

"అయితే గార్డు సంగతి నువ్వు దాచింది..." అమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది.

"మొదట్లో నీ కోసమే అమ్మా. ఒట్టు. తర్వాత నా కోసం. అది చెబితే తప్పు నాది కాదని తేలిపోతుంది. తేలిపోతే మళ్లీ ఆడమంటారు."

కర్ర అమ్మ చేతిలో అలాగే ఉంది. దించాలో, ఇంకాస్త ముందుకు చాచాలో ఆవిడకు పాలుపోలేదు. ఆడమంటే పిల్ల భయాన్ని తొక్కేసినట్టు. వద్దంటే ఆ భయాన్ని తనే తాళం వేసి లోపల దాచినట్టు. పిడుగు కళ్లు ఆవిడ ముఖం మీదే ఉన్నాయి. వద్దను అమ్మా, ఇంకొక్కసారి వద్దని చెప్పు అని అడుగుతున్నాయి.

"ఒసేయ్, కొత్త గార్డుకి ఏ రంగు కావాలి?" పెద్దమ్మాయి గదిలోంచి కేకేసింది. "ఎరుపా? నీలమా? రేపే చెప్పి పెట్టాలి ల్యాబులో!"

పిడుగు పెదవి కదపలేదు. జవాబు తనే చెప్పాలని అమ్మకు అర్థమైంది.